పాసు పుస్తకం జిరాక్సు ఎక్కడెక్కడికి పోతుంది?

ఈ-పంట నమోదుకని రైతు సేవా కేంద్రానికి పోతాం. ఆధార్, పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం జిరాక్సులు ఇస్తాం, ఫోను నంబరు చెప్తాం, వేలిముద్ర వేస్తాం. కంది వేసిన మార్కాపురం రైతుకైనా, మిరప వేసిన గిద్దలూరు రైతుకైనా ఇది తప్పదు. నమోదు లేకపోతే బీమా రాదు, పరిహారం రాదు. ఇవ్వొద్దని ఎవరూ చెప్పలేరు. అయితే ఇచ్చిన కాగితం ఆ గదిలోనే ఆగదు. ఒక శాఖ రాసుకున్న వివరాలను ఇంకో శాఖ వాడుకుంటుంది. అన్నిటినీ కలిపి కుట్టే దారం ఆధార్ నంబరు.

ఆ దారం తెగి బజారున పడిన సంగతి మన రాష్ట్రంలోనే జరిగింది. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, కులం, మతంతో సహా ఎవరైనా చూసేటట్టు కనిపించాయి. అదే నెలలో ఉపాధి హామీ చెల్లింపుల వెబ్‌సైటులో సుమారు 89 లక్షల మంది కూలీల ఆధార్ నంబర్లు బయటపడ్డాయి. హైదరాబాదుకు చెందిన పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి వీటిని బయటపెట్టాకే దాచారు. ఆధార్ నంబరును బహిరంగంగా ప్రకటించరాదని ఆధార్ చట్టం 29వ సెక్షన్ చెబుతున్నా ఇలా జరిగింది.

ఇక్కడ ఒక మాట. అన్నీ దాచాలనడం కూడా తప్పే. ఉపాధి పనుల సామాజిక తనిఖీలో ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో, ఎంత కూలి తీసుకున్నారో గ్రామసభలో చదివి వినిపించబట్టే దొంగ మస్టర్లు దొరికాయి. అడంగల్ అందరికీ కనిపించబట్టే మన సర్వే నంబరులో వేరొకరి పేరు ఎక్కితే తెలుస్తుంది. పేరు, పని, భూమి లెక్క ఊరికి తెలియాలి. ఆధార్ నంబరు, ఖాతా, వేలిముద్ర ఊరికి అక్కర్లేదు.

వేలిముద్రతో ప్రమాదం

ఊళ్ళో బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు తీయడానికి కావలసినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. పిన్ను అడగరు, ఫోనుకు ఓటీపీ రాదు. చదువురాని ముసలివాళ్ళకు ఇది మేలే. కానీ ఆ మూడూ ఒకచోట దొరికితే దొంగకూ అంతే సులువు. 2018లో తెలంగాణలో ఒకతను రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు రబ్బరు ముద్రలు చేసి వాటితో సిమ్ కార్డులు తెరిచాడు. 2022లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా మన రాష్ట్ర రిజిస్ట్రేషన్ వెబ్‌సైటు నుంచి దస్తావేజులు దించుకుని, అదే పద్ధతిలో ఖాతాల్లో సొమ్ము లాగింది. భూమి అమ్మినప్పుడో కొన్నప్పుడో వేసిన ముద్ర అది. పాస్‌వర్డు అయితే మార్చుకుంటాం, బొటనవేలు మార్చుకోలేం కదా!

దీనికి విరుగుడు ఉంది. ఆధార్ వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ బయోమెట్రిక్ తాళం వేసుకోవచ్చు. వేశాక ఎవరు ముద్ర పెట్టినా పనిచేయదు. రేషనుకో ఈ-పంటకో పోయేముందు మనమే తాత్కాలికంగా తెరవాలి, లేదంటే అక్కడ మన ముద్ర కూడా పడదు. ఇందుకు మన ఫోను నంబరు ఆధార్‌కు జతై ఉండాలి. ఎరువుల కొట్లో, లాడ్జిలో ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్ ఆధార్ ఇవ్వండి. తప్పక పూర్తి జిరాక్సు ఇవ్వాల్సి వస్తే దాని మీద ఏ పనికి ఇచ్చారో, తేదీతో అడ్డంగా రాసి సంతకం పెట్టండి.

ఖాతాలో సొమ్ము పోయిందని తెలిస్తే వెంటనే 1930కు ఫోను చేసి, బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఖాతాదారు తప్పు, బ్యాంకు తప్పు లేని మోసమైతే మూడు పనిదినాల్లో తెలిపినవారిపై నష్టం వేయరాదని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించింది. అందుకే నెలకోసారైనా పాసు పుస్తకంలో పద్దులు వేయించుకోవాలి.

చట్టం ఏమంటుంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. అందులో మెలిక ఉంది. ఒక పథకానికి ముందే సమ్మతి ఇచ్చి ఉంటే, మరో రాయితీకో పథకానికో ప్రభుత్వం మళ్ళీ అడగకుండా ఆ వివరాలు వాడుకోవచ్చు. ప్రతిసారీ ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది, నిజమే. కానీ మొదటి దరఖాస్తులో తప్పుపడిన సర్వే నంబరు, తప్పు ఖాతా కూడా అన్ని పథకాలకూ ప్రయాణం చేస్తాయి. రైతు సేవా కేంద్రంలో నమోదు అయిన వెంటనే సిబ్బంది చేత తెర మీది వివరాలు చదివించుకుని, ఖాతా చివరి అంకెలు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిచూసుకున్నాకే వేలు పెట్టండి.