ఖర్చు సగం దాటితే పని సగమైనట్టేనా?

ప్రశ్న: కరీంనగర్ ఐటీ టవర్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడుపుతున్నాను. 10 లక్షల ప్రాజెక్టు, 10 నెలల గడువు. ఐదు నెలల్లో 6 లక్షలు ఖర్చయ్యాయి. పని ఎంతయిందో ఎలా తేల్చాలి?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఖర్చు పనికి కొలత కాదండీ. ఆదిలాబాద్ పత్తి చేలో కూలి ఎంత ఇచ్చామన్నది కాదు, కాంటా మీదికి ఎంత పత్తి వచ్చిందన్నదే లెక్క. 1967లో అమెరికా రక్షణ శాఖ తన పెద్ద కాంట్రాక్టులకు పెట్టిన నిబంధనల నుంచి ఎదిగిన ‘ఎర్న్‌డ్ వాల్యూ’ పద్ధతి సారమిదే.

మీ పనిని సమాన విలువున్న 10 మాడ్యూళ్లుగా విడగొట్టారనుకుందాం. ఈపాటికి ఐదు కావాలి, నాలుగే అయ్యాయి. అంటే మీరు సంపాదించిన విలువ 4 లక్షలు. దాన్ని ప్రణాళిక ప్రకారం కావాల్సిన 5 లక్షలతో భాగిస్తే 0.8. పని వెనకబడింది. ఖర్చయిన 6 లక్షలతో భాగిస్తే 0.67. పెట్టిన ప్రతి రూపాయికీ 67 పైసల పనే జరిగింది. ఇదే తీరున సాగితే మొత్తం ఖర్చు 15 లక్షలకు చేరుతుంది.

‘తొంభై శాతం అయిపోయింది’ అన్న మాటను నమ్మకండి. పరీక్షలో నెగ్గిన మాడ్యూల్‌కే పూర్తి విలువ, మిగతావాటికి సున్నా వేయండి. ప్రణాళిక ప్రకారం కావాల్సిన విలువ, సంపాదించిన విలువ, అయిన ఖర్చు – ప్రతి వారం ఈ మూడు అంకెలూ రాసుకోండి. లోటును క్లయింటుకు ఇప్పుడే చెప్పండి. సగం దారిలో చెబితే సరిదిద్దుకునే వీలుంటుంది, చివర్లో చెబితే ఉండదు.