మొదటి పెన్ టాబ్లెట్ కొన్న మేనకోడలికి

మాదాపూర్

మాధవీ,

మొదటి జీతంతో పెన్ టాబ్లెట్ కొన్నావని అక్కయ్య చెప్పింది. చాలా సంతోషం వేసింది. కానీ స్క్రీన్ ఉన్నది కొనలేకపోయానని దిగులు పడుతున్నావట. అదేం అక్కర్లేదమ్మా. ఇక్కడి స్టూడియోల్లో సినిమా ఫ్రేములు శుభ్రం చేసేవాళ్లు, ఫ్రేముల్లో బొమ్మల అంచులు గీసే రోటో పని చేసేవాళ్లు ఎందరో స్క్రీన్ లేని పలక మీదే రోజంతా గీస్తారు. చెయ్యి బల్ల మీద, చూపు ఎదురుగా మానిటర్ మీద ఉంటాయి కాబట్టి మెడ వంచే పని ఉండదు. మొదట్లో గీత ఎటో పోతుంది. కొన్నాళ్లకు చెయ్యి దారిలో పడుతుంది.

డబ్బా మీద 8192 ప్రెషర్ లెవెల్స్ అని ఉంటుంది. 4096 ఉన్నా నీ కంటికి తేడా తెలియదు. ఎంత మెల్లగా తాకితే గీత పడుతోంది, ఎంత నొక్కితే పూర్తి లావు వస్తోంది అన్నదే అసలు సంగతి. కంపెనీవాళ్లు పెట్టి పంపేది అందరికీ సరిపోతుందనుకున్న అమరిక. నీది చిన్నప్పటి నుంచీ తేలిక చెయ్యి. క్రిటా డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో టాబ్లెట్ అన్న పేజీ తెరిచి, ప్రెషర్ కర్వ్‌ను మధ్యలో పట్టుకుని కాస్త పైకి లాగు. కొద్దిగా నొక్కినా గీత లావెక్కుతుంది. ఇది చెయ్యకపోతే లావు గీత కోసం వేళ్లు బిగబట్టి నొక్కుతూనే ఉంటావు. ఈ ఐటీ కారిడార్‌లో పగలంతా మౌస్ పట్టుకుని, రాత్రి ఫ్రీలాన్స్ పనికి పెన్ను పట్టే పిల్లల మణికట్లు ఎలా అవుతున్నాయో చూస్తున్నాను. నాకు భయంగా ఉంది. నొప్పి మొదలైతే ఆ రోజుకి పెన్ను కింద పెట్టెయ్యి, డెడ్‌లైన్ ఉన్నా సరే.

ఇంకో పని. పలక మీద ఒక గుండ్రటి మూత పెట్టి, దాని చుట్టూ పెన్ను తిప్పు. మానిటర్ మీద కోడిగుడ్డు ఆకారం వస్తే పలక కొలతలకీ స్క్రీన్ కొలతలకీ పొంతన లేదన్నమాట. డ్రైవర్‌లో ఆ నిష్పత్తి సరిచేసేదాకా ఏదీ సాధన చెయ్యకు. చెయ్యి తప్పు కొలతలకి అలవాటు పడితే మళ్లీ తిప్పుకోవడం కష్టం. నిబ్ అరిగి ఒక పక్క చదునయిందా, మార్చెయ్యి. దాని అంచు పలకను గీరేస్తుంది.

సాధనకి యూట్యూబ్‌లో చూపించే సున్నాలూ గీతలే గియ్యక్కర్లేదు. తెలుగు అక్షరాలు రాయి. ళ, ఋ, జ, క్ష ఒక్కొక్కటీ స్క్రీన్ నిండా వచ్చేంత పెద్దగా. గీతను తనే నునుపు చేసే స్టెబిలైజర్ ఆపేసి, మణికట్టు కాకుండా మోచెయ్యి కదిలిస్తూ రాయి. సన్నగా మొదలుపెట్టి, వంపులో లావుచేసి, మళ్లీ సన్నగా వదులు. మన లిపిలో ఉన్నన్ని వంపులు ఏ అభ్యాసంలోనూ దొరకవు. బాపు గారి బొమ్మలు ముందు పెట్టుకుని చూడు. జడ, చీర కుచ్చిళ్లు ఎక్కడ సన్నబడ్డాయో, ఎక్కడ బరువెక్కాయో గమనించు. ఆయన ఆ హెచ్చుతగ్గుల్ని కాగితం మీద, అన్‌డూ లేకుండా సాధించారు.

అందుకే స్కెచ్‌బుక్ మానకు. శిల్పారామం మీకు దగ్గరేగా, ఆదివారం వెళ్లి మనుషుల్ని గియ్యి. నీ యూఐ డిజైన్ ఉద్యోగంలో ఈ బొమ్మలు ఎందుకని నీ స్నేహితులు అంటారు. పెన్ను పట్టిన చేతులతో హైదరాబాద్ ఎంత చేసిందో వాళ్లకి తెలియదు. 2008లో టీవీలోకి వచ్చిన ఛోటా భీమ్ ఇక్కడి గ్రీన్ గోల్డ్ వాళ్లదే. 2012 నాటి 'ఈగ' సినిమాకి ఇక్కడి మకుట సంస్థ స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు తెచ్చుకుంది. నువ్వు ఆ దారిలోకి వెళ్లినా, యూఐలోనే ఉన్నా, మనిషి నిలబడే తీరు గియ్యడం వస్తే ఎవరూ నిన్ను పక్కన పెట్టలేరు.

ఈ నెలలో గీసింది ఒకటి నాకు పంపు. జేపెగ్ వద్దు, లేయర్లున్న అసలు ఫైలే కావాలి. ఎక్కడ చెరిపి మళ్లీ గీశావో చూడాలి.

మీ మామయ్య