కారే కుళాయిల లెక్క: ప్రాజెక్టు మొదలు నుంచి చివరిదాకా



సైన్సు ఫెయిరు దగ్గర పడుతోంది కాబట్టి ప్రాజెక్టు ఎలా చెయ్యాలో గోడ పత్రికకు రాయమని మాష్టారు అన్నారు. ప్రాజెక్టు అనగానే మనలో చాలామందికి థర్మోకోలు, రంగు కాగితాలు, స్కెచ్ పెన్నులు గుర్తొస్తాయి. అవి చివరి రోజు పని. అసలు పని అంతకు ఎన్నో వారాల ముందే మొదలవుతుంది. కిందటి సంవత్సరం మా జట్టు ఆరుగురం చేసిన పనినే ఉదాహరణగా తీసుకొని చెబుతాను.

మన హాస్టలుకు నీళ్లు కొండ మీది ఊట నుంచి పైపులో వాటంతట అవే దిగి వస్తాయి. మోటారు లేదు. ఊట ఎత్తులో ఉంది, ట్యాంకు పల్లంలో ఉంది, అంతే. ఎండలు మొదలయ్యేసరికి ఊట సన్నబడుతుంది. మార్చిలో తెల్లవారేసరికి ట్యాంకు ఖాళీ. అప్పుడు చిన్న తరగతుల పిల్లలు బకెట్లు పట్టుకొని గెడ్డకు పోవాలి. తెల్లవారుజామున ఆ రాళ్ల మీద నీళ్లు మోసుకొచ్చి, స్నానం చేసి, ప్రేయరు గంటకు అందుకోవడం ఎంత కష్టమో ఆరో తరగతి వాళ్లను అడగండి.

ప్రాజెక్టుకు పేరు పెట్టే ముందు మాష్టారు ఎవరినైనా ఒక ప్రశ్న వేస్తారు: “ఇది ఎప్పుడు అయిపోయినట్టు?” ‘మన ప్రాంతంలో నీటి ఎద్దడి’ అని పేరు పెడితే ఈ ప్రశ్నకు జవాబు ఉండదు, అది మన చేతుల్లో ఉన్నది కాదు. ‘కుళాయిల నుంచి కారిపోయే నీళ్లు ఆపడం’ అంటే జవాబు ఉంది. కట్టేసిన కుళాయి కింద సీసా పెడితే అది పొడిగా ఉండాలి. మేం ఆ పేరే తీసుకున్నాం.

తరవాత లెక్క. బాగుచెయ్యక ముందే కొలవాలి, ఇది చాలా ముఖ్యం. ముందు ఎంత కారిందో రాసుకోకపోతే తరవాత ఎంత తగ్గిందో ఎవరికీ చూపించలేం. దీనికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒక లీటరు సీసా, గోడ గడియారం చాలు. రోజుకు 1440 నిమిషాలు. సీసా 40 నిమిషాల్లో నిండితే ఆ కుళాయి రోజుకు 36 లీటర్లు పారబోస్తున్నట్టు. మన 22 కుళాయిల్లో 9 కారుతున్నాయి. స్నానాల గదుల వెనక ఉన్నది అన్నిటికంటే ఘోరం, 12 నిమిషాలకే సీసా నిండింది. అంటే ఆ ఒక్కటే రోజుకు 120 లీటర్లు. తొమ్మిదీ కూడితే 436 లీటర్లు వచ్చింది. మన 15 లీటర్ల బకెట్లతో సుమారు 29 బకెట్లు. ఆ కాగితం చూపిస్తే వార్డెన్ గారు కళ్లద్దాలు సర్దుకొని మళ్లీ ఒకసారి కూడి చూసుకున్నారు. వెంటనే అనుమతి ఇచ్చారు.

ఇక పనుల వరస. ఏ పని ముందు, ఏది వెనక అన్నది కాగితం మీద పెట్టుకోవాలి. అరకు వైపు నుంచి వచ్చిన వాళ్లకు కె.కె. లైను తెలుసు కదా. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవు నుంచి జపానుకు పంపడం కోసం 1960వ దశకంలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ లైను వేశారు. అందులో 58 సొరంగాలు ఉన్నాయి. సొరంగాలన్నీ తవ్వి పట్టాలు వేసినా, ఆ చివర గని గానీ ఈ చివర రేవు గానీ సిద్ధం కాకపోతే రైలు ఖాళీగా నిలబడాల్సిందే. మూడూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూడకుండా సాగాలి.

మన చిన్న పనికీ ఇదే పద్ధతి. మేం చివరి నుంచి వెనక్కి లెక్కేశాం. కుళాయి విప్పాలంటే గేటు వాల్వు కట్టాలి, అది ఆదివారం మధ్యాహ్నం తప్ప కుదరదు, లేకపోతే వంటకు ఇబ్బంది. ఆదివారానికి వాషర్లు చేతిలో ఉండాలంటే గురువారం సంతలో కొనాలి. సంతకు వెళ్లేవాడికి సైజు తెలియాలంటే బుధవారానికే ఒక పాత వాషరు విప్పి నమూనాగా ఇవ్వాలి. ప్రతి పనికీ ఎదురుగా ఒక్కరి పేరే రాశాం. “అందరం చూసుకుంటాం” అని మాత్రం ఎప్పుడూ రాయకండి.

విప్పడం కష్టం కాదు. వాల్వు కట్టి, పైపులో మిగిలిన నీళ్లు వదిలేసి, పానాతో తల నట్టు తిప్పితే లోపలి కడ్డీ బయటికి వస్తుంది. దాని చివరే రబ్బరు వాషరు. మాకు దొరికినవి రాయిలా గట్టిపడి పగిలి ఉన్నాయి. గట్టిగా బిగిస్తే కారడం ఆగుతుందని మనం అనుకుంటాం గానీ, అలా బిగించడం వల్లనే వాషరు నలిగిపోతుంది. పదో తరగతి అన్నలూ, ఈ మాట ముఖ్యంగా మీకే!

మళ్లీ సీసాలు పెట్టాం. ఏడు కుళాయిలు పొడిగా ఉన్నాయి. రెండింటిలో వాషరు కూర్చునే చోటే అరిగిపోయింది, కొత్త వాషరు వేసినా లాభం లేదు. వాటి నుంచి ఇంకా 84 లీటర్లు పోతోంది. 436లో 352 ఆగింది. ఆ 84 చార్టు మీద రాయొద్దని, మార్కులు తగ్గుతాయని ఒక స్నేహితుడు అన్నాడు. రాశాం. అది రాసి ఉండబట్టే వార్డెన్ గారు రెండు కొత్త కుళాయిలకు కాగితం పెట్టగలిగారు. నా ఉద్దేశంలో చార్టు మొత్తంలో పనికొచ్చిన సంఖ్య అదే.

ఫెయిరు అయ్యాక చార్టు స్టోరు గదిలోకి పోతుంది, కానీ రబ్బరు మళ్లీ అరుగుతుంది. అందుకే ఎనిమిదో తరగతి వాళ్లు ఇద్దరికి విప్పడం, బిగించడం నేర్పించాం. వార్డెన్ గారి గది బయట మేకుకు వేలాడుతున్న నోటుబుక్కు ఈ లెక్కదే. నెలలో మొదటి ఆదివారం సీసాలు పెట్టి అందులో రాయాలి. ఈ నెల వంతు రెండో డార్మిటరీ వాళ్లది. పానా వంటగది పక్క అలమరలో ఉంది. వాడాక మళ్లీ అక్కడే పెట్టండి.

– 9వ తరగతి విద్యార్థి