పసికందుకు ఫ్లాష్‌తో ఫోటో తీస్తే చూపు దెబ్బతింటుందా?

మా అక్క కూతురి బారసాల రోజు ఉయ్యాల చుట్టూ పది పన్నెండు ఫోన్లు లేచాయి. వాటిలో ఒకదాని ఫ్లాష్ మెరవగానే అమ్మమ్మ గట్టిగా కేకేసింది. "ఆ లైటు వెయ్యకండర్రా, పసిదాని కళ్లు పోతాయి!" ఫోన్లన్నీ కిందకి దిగాయి. "ఫిజిక్స్ చదివావుగా, నువ్వు చెప్పు" అని అందరూ నావైపు చూశారు. "ఏమీ కాదు" అన్నాను. ఎందుకు కాదో మాత్రం ఆ సందడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వ్యాసం.

ఇది అమ్మమ్మల భయం మాత్రమే కాదు. 2015 జులైలో చైనా నుంచి వచ్చిన ఒక వార్త ప్రపంచమంతా తిరిగింది. మూడు నెలల బిడ్డను ఎవరో దగ్గర నుంచి ఫ్లాష్‌తో ఫోటో తీశారని, దాంతో ఒక కంటి చూపు దెబ్బతిందని ఆ వార్త సారాంశం. కంటి వైద్యులు చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. బిడ్డ కంట్లో ముందే ఉన్న లోపం ఆ తర్వాత కనబడి ఉండవచ్చని, ఫ్లాష్‌కి అంత గాయం చేసే శక్తి లేదని వారు వివరించారు. కానీ వార్త వెళ్లినంత దూరం వివరణ వెళ్లలేదు.

కాంతి కంటిని ఎలా గాయపరుస్తుంది?

కంటి వెనుక గోడకు అతుక్కుని ఉండే పలుచని పొర రెటీనా. దాన్ని కాంతి మూడు విధాలుగా దెబ్బతీయగలదు. మొదటిది వేడి. కణజాలం ఉడికిపోయేంత శక్తి ఒకేచోట పడాలి. శక్తిమంతమైన లేజర్లు ఆ పని చేస్తాయి. రెండోది విస్ఫోటం లాంటి దెబ్బ. సెకనులో వంద కోట్ల వంతు వంటి అతి తక్కువ కాలంలో వెలువడే లేజర్ పల్స్‌లతో ఇది జరుగుతుంది. మూడోది రసాయనిక గాయం. నీలి కాంతి, అతినీలలోహిత కాంతి ఎక్కువసేపు పడితే కణాల్లో హానికర రసాయనిక చర్యలు మొదలవుతాయి. గ్రహణాన్ని నేరుగా చూసినవారి కంటికి జరిగే హాని ప్రధానంగా ఇలాంటిదే.

ఈ మూడింటిలోనూ లెక్కకు వచ్చేది వెలుగు మెరుపొక్కటే కాదు. ఎంత శక్తి, ఎంత చోట, ఎంతసేపు అన్నవి కలిపి చూడాలి.

చిన్న లెక్క వేద్దాం

పెద్ద కెమెరా మీద అమర్చే ఫ్లాష్ గన్ పూర్తి శక్తితో వెలిగితే సుమారు 60 జౌల్స్ విద్యుత్తు వాడుతుంది. అందులో సగం, అంటే 30 జౌల్స్, కాంతిగా మారి మీటరు దూరంలో చదరపు మీటరు మేర పరుచుకుంటుందని అనుకుందాం. నడి మధ్యాహ్నపు ఎండ అదే చదరపు మీటరు మీద ఒక్క సెకనులో సుమారు 1000 జౌల్స్ కుమ్మరిస్తుంది. అంటే ఒక ఫ్లాష్ ఇచ్చే శక్తి, ఎండ సెకనులో 30వ వంతు కాలంలో ఇచ్చేదానితో సమానం. పైగా సూర్యబింబం రెటీనా మీద చిన్న చుక్కగా కేంద్రీకృతమవుతుంది. ఫ్లాష్ కాంతి అంతకంటే చాలా పెద్ద మచ్చగా పరుచుకుంటుంది.

ఫోన్లలో ఉండే ఎల్‌ఈడీ ఫ్లాష్ ఇంకా బలహీనం. అది వాడే విద్యుత్తే కొద్ది జౌల్స్. అందులో కాంతిగా మారేది మరింత తక్కువ.

మరి ఫ్లాష్ పడ్డాక కళ్ల ముందు కాసేపు మచ్చ ఎందుకు కనబడుతుంది? రెటీనాలో కాంతిని పట్టుకునే వర్ణకం ఆ మెరుపుకి తాత్కాలికంగా ఖర్చయిపోతుంది. అది తిరిగి తయారయ్యేదాకా ఆ మచ్చ ఉంటుంది. అది గాయం కాదు.

పసికందు కన్ను సున్నితం కదా?

నిజమే, తేడాలున్నాయి. పసివాళ్ల కంటి కటకం పెద్దవాళ్ల కటకం కంటే తేటగా ఉంటుంది. అందువల్ల నీలి కాంతి, కొంత అతినీలలోహిత కాంతి లోపలికి ఎక్కువగా వెళ్తాయి. అందుకే పసిబిడ్డను ఎండకు ఎదురుగా పడుకోబెట్టకూడదు. అయితే నెలలు నిండి పుట్టిన బిడ్డ కనుపాప చిన్నదిగా ఉంటుంది, వెలుగు పడితే ఇంకా ముడుచుకుంటుంది. బిడ్డ రెప్పలు కూడా మూస్తుంది. క్షణకాలం మెరిసే ఫ్లాష్ విషయంలో ఆ కటకం తేడా పెద్ద మార్పు తీసుకురాదు.

ఇక్కడ ఒక మంచి ప్రశ్న వస్తుంది. కామెర్లు వచ్చిన బిడ్డను నీలి లైట్ల కింద పెట్టినప్పుడు ఆసుపత్రిలో కళ్లకు గంతలు కడతారు కదా? కడతారు, కట్టాలి కూడా. ఆ చికిత్సలో 460 నుంచి 490 నానోమీటర్ల నీలి కాంతిని గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి బిడ్డ ఒంటి మీద ప్రసరింపజేస్తారు. చర్మంలోని బిలిరుబిన్ ఆ కాంతికి రూపం మార్చుకుని శరీరం నుంచి బయటికి పోతుంది. అంతసేపు దగ్గర నుంచి పడే నీలి కాంతికీ, కన్ను ఆర్పేలోపే ఆరిపోయే ఫ్లాష్‌కీ పోలిక లేదు. మనం మోతాదుని చూడకుండా కాంతిని మాత్రమే చూస్తే అనవసరంగా భయపడతాం.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు

అసలు శ్రద్ధ పెట్టాల్సింది వీరి విషయంలో. ముందుగా పుట్టిన బిడ్డల రెటీనాలో రక్తనాళాలు పూర్తిగా ఎదిగి ఉండవు. అవి అస్తవ్యస్తంగా పెరిగితే వచ్చే జబ్బు రెటినోపతీ ఆఫ్ ప్రీమెచ్యూరిటీ. దీన్నే ఆర్‌ఓపీ అంటారు. సమయానికి గుర్తించకపోతే రెటీనా ఊడిపోయి శాశ్వతంగా చూపు పోవచ్చు.

నర్సరీలోని వెలుగే దీనికి కారణమేమోనని ఒకప్పుడు వైద్యులూ అనుమానించారు. దాన్ని తేల్చడానికి అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. 31 వారాల లోపు పుట్టిన, 1251 గ్రాముల కన్నా తక్కువ బరువున్న 409 మంది బిడ్డలను తీసుకున్నారు. కొందరికి కాంతిని 97 శాతం ఆపే కళ్లజోళ్లు పెట్టారు, మిగిలినవారికి పెట్టలేదు. 1998లో వెలువడిన ఫలితం ప్రకారం రెండు గుంపుల్లోనూ ఆర్‌ఓపీ దాదాపు ఒకే స్థాయిలో వచ్చింది. అంటే దోషం వెలుగుది కాదు. నెలలు నిండకపోవడం, ఆక్సిజన్ హెచ్చుతగ్గులు దీనికి ప్రధాన కారణాలు.

ఇది మనకెందుకు ముఖ్యమంటే, ఆర్‌ఓపీని కనిపెట్టాలంటే బిడ్డ కంట్లోకి ప్రకాశవంతమైన లైటు వేసి చూడాల్సిందే. మన దేశంలో 34 వారాల లోపు పుట్టిన లేదా 2000 గ్రాముల కన్నా తక్కువ బరువున్న బిడ్డలకు పుట్టిన 30 రోజుల్లోపు ఈ పరీక్ష జరగాలి. 28 వారాల లోపు పుట్టినవారికి ఇంకా ముందే చేయాలి. బెంగళూరులోని నారాయణ నేత్రాలయ 2008లో మొదలుపెట్టిన 'కిడ్‌రాప్' కార్యక్రమంలో శిక్షణ పొందిన సిబ్బంది జిల్లా ఆసుపత్రులకు వెళ్లి పసికందుల రెటీనా ఫోటోలు తీస్తారు. దూరంలో ఉన్న వైద్యులు వాటిని చూసి నిర్ణయం చెబుతారు. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ కూడా ఈ జబ్బు మీద ఏళ్లుగా పనిచేస్తోంది.

"ఇంత చిన్న కంట్లోకి అంత లైటా? కాస్త పెద్దయ్యాక చూపిద్దాంలే" అని ఏ తల్లిదండ్రులైనా వాయిదా వేస్తే, లైటు చేయని నష్టాన్ని ఆలస్యం చేస్తుంది. ఫ్లాష్ గురించిన అపోహకు అసలైన ఖరీదు ఇదే.

ఫ్లాష్ చేసే మేలు

ఫ్లాష్ ఫోటోల్లో కళ్లు ఎర్రగా పడటం మనకు తెలిసిందే. అది కంటి వెనుక గోడలోని రక్తనాళాల రంగు. ఒక కంట్లో ఎరుపు బదులు తెల్లటి మెరుపు పదేపదే కనిపిస్తే మాత్రం వెంటనే జాగ్రత్తపడాలి. అది పుట్టుకతో వచ్చే శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు. ఈ క్యాన్సర్ సుమారు 16,000 నుంచి 18,000 జననాల్లో ఒకరికి వస్తుంది. త్వరగా గుర్తిస్తే బిడ్డ ప్రాణాన్నీ, చాలాసార్లు కంటినీ కాపాడుకోవచ్చు.

అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త బ్రయాన్ షా కొడుక్కి ఈ జబ్బే వచ్చింది. ఆయన పాత ఫోటోలు తిరగేస్తే, వ్యాధి నిర్ధారణకు చాలా ముందే ఆ తెల్లటి మెరుపు వాటిలో ఉంది. ఫోటోల్లో దాన్ని వెతికిపట్టే మొబైల్ యాప్‌ని ఆయన బృందం తయారుచేసింది. 2019లో వెలువడిన వారి పరిశోధనలో, కంటి జబ్బున్న పిల్లల్లో 80 శాతం మందికి సగటున 1.3 సంవత్సరాల ముందే పాత ఫోటోల్లో ఆ గుర్తు దొరికింది. పక్క నుంచి తీసిన ఫోటోలో ఆరోగ్యకరమైన కన్ను కూడా ఒక్కోసారి తెల్లగా మెరుస్తుంది. కాబట్టి బెంబేలు పడక్కర్లేదు. అలాగని వదిలేయకుండా కంటి వైద్యుడికి చూపించాలి.

అసలు జాగ్రత్తలు

ఫ్లాష్ కంటికి హాని చేయకపోయినా బిడ్డ ఉలిక్కిపడుతుంది, నిద్ర చెడుతుంది. కాబట్టి కిటికీ పక్క నుంచి వచ్చే నీడపాటి వెలుగే మేలు. టార్చి వెలిగించి ముఖానికి దగ్గరగా పెట్టి వీడియో తీయొద్దు. ఎన్ఐసీయూలో ఉన్న బిడ్డ విషయంలో అక్కడి సిబ్బంది చెప్పినట్టే నడుచుకోండి. వెలుగు, చప్పుడు తక్కువగా ఉంటేనే ఆ బిడ్డలు స్థిమితంగా ఉంటారు.

ఫోటోషూట్‌లలో నిజమైన ప్రమాదాలు వేరే ఉన్నాయి. బట్టలు విప్పి ఎక్కువసేపు ఉంచితే పసిబిడ్డ ఒంటి వేడి త్వరగా పడిపోతుంది. అలాగని హీటరు దగ్గరగా పెడితే చర్మం కమిలిపోతుంది. గడ్డం ఛాతీకి ఆనేలా బుట్టలో కుదిస్తే ఊపిరి ఆడదు. బిడ్డ తన చేతుల మీద తానే తల ఆనించుకున్నట్టు కనిపించే భంగిమను విడివిడి ఫోటోలు కలిపి తయారుచేస్తారు. వాటిలో పెద్దవాళ్ల చేతులు బిడ్డను పట్టుకునే ఉంటాయి, తర్వాత వాటిని చెరిపేస్తారు. ఇంట్లో దాన్ని ప్రయత్నించొద్దు. బిడ్డ ముఖానికి సరిగ్గా పైన ఫోన్ పట్టుకోవద్దు, చేయి జారితే గాయమవుతుంది. జలుబు, దగ్గు ఉన్నవారు దూరంగా ఉండాలి. ఎత్తుకునేవారు ముందు చేతులు కడుక్కోవాలి.

ఆ సాయంత్రం అమ్మమ్మకి ఇదంతా కాస్త కాస్తగా చెప్పాను. అంతా విని, "సరే, కళ్లకేం కాదంటావు. మరి దిష్టి?" అంది. పాప బుగ్గన చుక్క పెట్టి, ఇద్దరం కిటికీ దగ్గరికి తీసుకెళ్లాం. ఫ్లాష్ లేకుండానే ఫోటో చక్కగా వచ్చింది.