గేమ్ బాయ్ విజయం

1989లో జపానుకు చెందిన నింటెండో సంస్థ ‘గేమ్ బాయ్’ అనే చేతి ఆటయంత్రాన్ని విడుదల చేసింది. దాని తెరకు రంగులు లేవు, నాలుగు ఛాయలే. వెలుతురు లేనిచోట బొమ్మ కనిపించేది కాదు. మరుసటి సంవత్సరం సెగా సంస్థ తెచ్చిన ‘గేమ్ గేర్’ రంగుల తెరతో, దాని వెనుక దీపంతో కళకళలాడింది. అయితే ఆ సొగసుకు ఆరు బ్యాటరీలు కావాలి. అవి అయిదు గంటలైనా నిలవడం కష్టం. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతోనే పది గంటలకు పైగా నడిచేది. సుదూర ప్రయాణంలో ఉన్న పిల్లవానికి ఆరిపోయిన రంగుల తెర దేనికి? పైగా గేమ్ బాయ్ ధర తక్కువ. అమెరికాలో యంత్రంతోపాటే ‘టెట్రిస్’ ఆట లభించింది. రూపకర్త గుంపెయ్ యొకోయ్ బాగా నలిగిన, చవకైన విడిభాగాలనే కోరి ఎంచుకొన్నాడు. తరువాత వచ్చిన రంగుల నమూనాతో కలిపి గేమ్ బాయ్‌లు సుమారు 11.8 కోట్లు అమ్ముడుపోయాయి. గేమ్ గేర్ అమ్మకాలు కోటి దాటి ఆగిపోయాయి.