పాత ఇంజనుకు తగిన పుల్లీ

దొరవారిసత్రము చుట్టుపట్ల పాత ఆయిలింజనుతో నీరు తోడుకొను సభ్యులు, పంపును మార్చునపుడు పుల్లీల కొలతలు చూచుకొనవలయును. కొట్టులో దొరికినదానిని తెచ్చి బిగించుట ఈడు చూడని పెండ్లివంటిది. పాత లిస్టరు తరహా ఇంజను నిమిషమునకు 650 చుట్లు తిరుగుననుకొందము; పంపు రేకుపై 1,500 చుట్లని యున్నది. ఇంజను చుట్లను దాని పుల్లీ అడ్డుకొలతచే గుణించి, పంపు చుట్లచే భాగింపుడు. ఇంజను పుల్లీ 14 అంగుళములైన, పంపునకు 6 అంగుళముల పుల్లీ సరిపోవును. నీరెక్కువ వచ్చునన్న ఆశతో ఇంకను చిన్నది వేయరాదు. పంపు వేగము నూటికి 10 పెరిగిన, ఇంజనుపై భారము నూటికి సుమారు 33 పెరుగును. నల్లని పొగ వచ్చుచు ఇంజను మూలుగుచున్నచో ఆపి, పంపునకు పెద్ద పుల్లీ వేసి చూడుడు. ఇంజను వేగమును మాత్రము మితిమీరి పెంచకుడు. పాత పోతయినుప చక్రము పగిలిన ప్రాణాపాయము.