ట్రాక్టరు దుకాణము దూరమైనచో రైతు తెలిసికొనవలసిన సంగతులు



ట్రాక్టరు కొనునపుడు మనము మొదట ధర చూతుము. తరువాత హార్సుపవరు చూతుము. ఊరిలో అదే బండి కొన్నవారిని అడిగి డీజిలు ఎంత త్రాగునో తెలిసికొందుము. ఇవన్నియు చూడదగినవే. కాని ఆ బండి అమ్మిన దుకాణము మీ ఊరికి ఎంత దూరమున నున్నది, దాని యజమాని ఎవరు, ఇంకను పదేండ్లకు అది అక్కడ నుండునా అని అడుగువారు తక్కువ. దమ్ము చేయు దినములలో హైడ్రాలిక్ లిఫ్టు లేవక బండి మడిలో నిలిచిపోయిన నాడు గాని ఈ ప్రశ్న విలువ తెలియదు. కావున దానిని గూర్చి ముందుగానే ఆలోచింతము.

అమెరికాలో జరిగినదేమి?

అమెరికా, కెనడా దేశములలో యంత్రసేద్యము మనకంటె చాల ముందుగా వ్యాపించినది. అచ్చట ఒకప్పుడు చిన్న పట్టణములలో సయితము ఒకటి రెండు కుటుంబముల వారి యంత్ర దుకాణములుండెడివి. యజమానియు రైతులును ఒకరినొకరు ఎరిగినవారు. క్రమముగా ఈ దుకాణములను పెద్ద సంస్థలు కొని, పలు శాఖలను ఒకే యాజమాన్యము క్రిందికి తెచ్చినవి. నార్త్ డకోటా రాష్ట్రమున 1980లో ఆరంభమైన టైటన్ మెషినరీ అను సంస్థ ఇందుకు ఉదాహరణము. అది ఒక్కొక్క దుకాణమునే కొనుచు పెరిగి, 2007లో షేరు బజారులో ప్రవేశించినది. 2023లో ఆస్ట్రేలియాలోని ఓకానర్స్ అను యంత్ర వ్యాపారమును గూడ కొన్నది.

దీనికి కారణములు లేకపోలేదు. కమతములు పెద్దవగుటతో రైతుల సంఖ్య తగ్గినది. ఒక్కొక్క యంత్రము ధర మిక్కిలి పెరుగుటతో సరకు నిలువ చేయుటకు చిన్న యజమానికి పెట్టుబడి చాలలేదు. యంత్రములలో కంప్యూటర్లు చేరుటతో ప్రత్యేక శిక్షణ పొందిన మెకానిక్కులు అవసరమైరి. వృద్ధుడైన యజమానికి వ్యాపారము నడుపు వారసుడు లేనిచో అమ్ముటయే మార్గమైనది.

లాభమెంత, నష్టమెంత?

పెద్ద సంస్థ వలన కొన్ని మేలులు కలవు. విడిభాగములు ఒక శాఖలో లేకున్నను మరియొక శాఖ నుండి తెప్పింపవచ్చును. నిపుణులైన పనివారు దొరుకుదురు. పాత యంత్రమును మార్చుకొనుటకు వీలు హెచ్చు.

నష్టములు మూడు. మొదటిది దూరము. రాబడి చాలదని ఒక శాఖను మూసినచో, ఆ ప్రాంతపు రైతు చిన్న భాగమునకై గూడ చాల దూరము పోవలెను. రెండవది బేరము. ఒకే కంపెనీ బండిని ఇరుగు పొరుగు పట్టణములలో ఇద్దరు వేరు యజమానులు అమ్మునపుడు, మొదటివాని ధరను రెండవవానికి చెప్పి తగ్గింపుమని అడుగవచ్చును. రెండు దుకాణములును ఒకరివే యైనచో ఆ వీలు పోవును. ఇక వేరొక కంపెనీ బండి వైపు చూడవలసినదే. మూడవది మాట. పాత యజమాని ముఖపరిచయము మీద అప్పిచ్చుట, రాత్రివేళ తలుపు తీసి బెల్టు ఇచ్చుట వంటి మర్యాదలు, జీతముపై పనిచేయు మేనేజరు చేతిలో నుండవు.

అచ్చట మరమ్మతు చేయు సాఫ్టువేరు డీలరు చేతిలోనే యుండుట ఈ చిక్కును పెంచినది. అందుచేత కొలరాడో రాష్ట్రము 2023లో ఒక చట్టము చేసినది. విడిభాగములు, పనిముట్లు, మరమ్మతు వివరములు రైతుకును, స్వతంత్ర మెకానిక్కుకును ఇవ్వవలెనని దాని భావము. అది 2024 జనవరి 1 నుండి అమలైనది. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మరమ్మతుల విషయమై జాన్ డీర్ సంస్థపై దావా వేసినది.

మన పరిస్థితి

మన ట్రాక్టర్లు చిన్నవి. సాధారణ మరమ్మతు ఊరి మెకానిక్కు చేయగలడు. ఇది మనకు గొప్ప బలము. అయినను వరికోత యంత్రము, నాటు యంత్రము వంటి వానికి నేర్పు గలవారు కొద్దిమంది. కోతలు అందరికి ఒకేసారి వచ్చును.

మన దేశమున యంత్ర నిర్మాతలు గూడ చేతులు మారినారు. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారమును 2005లో టాఫే కొన్నది. స్వరాజ్ ట్రాక్టర్లు చేయు పంజాబ్ ట్రాక్టర్స్ 2007లో మహీంద్రా చేతికి వచ్చినది. ఎస్కార్ట్స్ సంస్థ 2022లో ఎస్కార్ట్స్ కుబోటా అయినది. కంపెనీ చేతులు మారినంత మాత్రమున మీ దుకాణము మూతపడదు. కాని కొంత కాలమునకు డీలర్ల ఏర్పాటు మారవచ్చును. కనిపెట్టి యుండవలెను.

ఒక లెక్క

12 కిలోమీటర్ల దూరమున నున్న దుకాణములో బండి ధర రూ. 7,40,000 అనుకొందము. 70 కిలోమీటర్ల దూరమున అదే రకపు బండి రూ. 7,20,000. రెండవచోట రూ. 20,000 ఆదా. కాని ఏడాదికి మూడు మారులు బండి ఆగినదనుకొనుడు. దూరము వలన ప్రతి మారు రూ. 600 అదనపు దారి ఖర్చు, ఒక దినము పని నష్టము రూ. 4,000. మొత్తము ఏడాదికి రూ. 13,800. ఏడాదిన్నరలో ఆదా అంతయు కరిగిపోవును. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ అంకెలు వేసి మీరే లెక్క చూచుకొనుడు.

మీరు చేయవలసిన పనులు

1. కొనుటకు ముందు విడిభాగముల గదిని చూడుడు. క్లచ్ ప్లేటు, ఫిల్టర్లు, హైడ్రాలిక్ పంపు సీళ్లు ఉన్నవా, లేనిచో ఎన్ని దినములలో వచ్చునో అడుగుడు.

2. మెకానిక్కు పొలమునకు వచ్చునా, రానుపోను ఖర్చు ఎవరిదో బిల్లు మీద గాని, ఉత్తరముగా గాని వ్రాయించుకొనుడు. నోటిమాట యజమాని మారగానే పోవును.

3. వారంటీ పుస్తకము చదువుడు. వారంటీ కంపెనీ ఇచ్చినదైనచో డీలరు మారినంతనే అది పోదు. బిల్లులు, సర్వీసు కార్డు భద్రపరచి, పని గంటలు వ్రాసి యుంచుడు.

4. దుకాణము మూయుదురని తెలిసినచో, ఇక ఏ డీలరు సర్వీసు చేయునో కంపెనీకి వ్రాసి అడిగి, జవాబు దాచుడు.

5. ఫ్యాన్ బెల్టు, ఆయిలు ఫిల్టరు, డీజిలు ఫిల్టరు, ఫ్యూజులు ఒక జత ఇంట నుంచుడు. ఒకే రకపు బండ్లు గలవారు రైతు ఉత్పత్తిదారుల సంఘము ద్వారా కలిసి కొనినచో ధరయు తగ్గును, మాటకు బరువును వచ్చును.

6. ఊరి యువకులలో ఒకరిద్దరికి యంత్రశిక్షణ ఇప్పించుడు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థను విచారింపుడు.

7. న్యాయము జరుగనిచో 1915 నంబరుకు ఫోను చేయుడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, స్వయముగా పనిచేసి జీవనోపాధికై మాత్రమే వాడుకొను వస్తువు వాణిజ్య ప్రయోజనము క్రిందికి రాదు. డీలరు ఎంత దూరమున నున్నను, మీరు నివసించు జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. గడువు రెండేండ్లు.

దుకాణములు కలియుటను ఒక రైతు ఆపలేడు. కాని కొనుటకు ముందు అడుగుట, వ్రాయించుకొనుట, నలుగురు కలిసి మాటాడుట మన చేతిలోని పనులు. బండి ధర ఒక్కనాడే చెల్లింతుము. దుకాణపు దూరమును బండి ఉన్నంత కాలము చెల్లింపవలెను.